కరుణ మేడమ్ రాసిన ఉత్తరం

బ్లీచింగు కలిపిన నీళ్ల వాసన తగిలితే నాకు కరుణ మేడమ్ గుర్తొస్తారు. నిన్న ఉదయం ల్యాబు తలుపు తీయగానే ఆ వాసనే ఎదురొచ్చింది. ముందురోజు యంత్రం వాడినవాళ్లెవరో గొట్టాలు శుభ్రంగా కడిగి వెళ్లారన్నమాట. ఆవిడ ఉన్న రోజుల్లో కడగకుండా ఎవరినీ గుమ్మం దాటనిచ్చేవారు కాదు.

ఏలూరులోని మా పరిశోధన కేంద్రంలో ఫ్లో సైటోమీటర్ అనే యంత్రం ఉన్న గది అప్పట్లో ఆవిడ బాధ్యత. ఆ యంత్రం ఏ ఒక్కరిదీ కాదు. చుట్టుపక్కల కాలేజీల పరిశోధకులంతా వంతులవారీగా వచ్చి వాడుకుంటారు, వాడటం ఆవిడ దగ్గరే నేర్చుకున్నారు. రంగులు పట్టించిన రక్తకణాలు సన్నని ధారలో ఒకదాని వెనుక ఒకటి లేజరు కాంతికి ఎదురుగా సాగిపోతాయి. ఒక్కో కణం మెరుపూ తెర మీద ఒక్కో చుక్కగా పడుతుంది. ఆ చుక్కలు గుంపులు కట్టిన తీరును బట్టి ఏ కణాలు ఎన్ని ఉన్నాయో తెలుసుకుంటాం.

మాది ముదినేపల్లి దగ్గర వరి పండించే కుటుంబం. పీహెచ్‌డీ కోసం తాడేపల్లిగూడెం ఆసుపత్రిలో డెంగీ రోగుల రక్తం తీసుకుని, ఐసు పెట్టెలో పెట్టుకుని రైల్లో ఏలూరు వచ్చేదాన్ని. శిక్షణ మొదలైన రోజు మాత్రం రోగుల నమూనాలు తేవద్దన్నారు మేడమ్. ఏ రంగూ వేయని కణాలనే పూటంతా నడిపించి చూడమన్నారు. అందులో చూడటానికి ఏముంటుందండీ అని అడిగాను.

"ఏమీ లేనప్పుడు తెర ఎలా ఉంటుందో తెలియకపోతే, ఏదో ఉందని రేపెలా చెబుతావమ్మా?" అన్నారు.

ఆవిడ తండ్రి మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారట. ఆ ఓపిక అక్కడిదే అనుకుంటాను. నేర్పేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. మనం ఎంత తడబడినా మౌసు మీద చెయ్యి వేసేవారు కాదు. ఆవిడకు డాక్టరేటు లేదు. కొందరు ప్రొఫెసర్లు "మెషీన్ చూసుకునే ఆవిడ" అనేవారు. మేడమ్ విన్నా విననట్టే ఉండేవారు.

నెలల తరబడి నా నమూనాల్లో చెప్పుకోదగ్గదేమీ దొరకలేదు. ఉన్నట్టుండి, జబ్బు ముదిరిన రోగుల రక్తంలో కొత్త కణాల చిన్న గుంపు ఒకటి కనిపించడం మొదలైంది. మా గైడుగారి ఆనందానికి అంతులేదు, పేపరు రాయడం మొదలుపెట్టమన్నారు. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం, మేడమ్ పక్కగదిలో పాఠం చెబుతుండగా, ఆవిడ నేర్పిన ప్రకారం యంత్రం మూత తీసి ఫిల్టర్లు సరిచూస్తున్నాను. ఒక్కో ఫిల్టరూ ఒక్క రంగు వెలుతురునే లోపలికి వదిలే చిన్న అద్దం. ఒకదాని అంచు మీది అంకె, యంత్రం పక్కనుండే రిజిస్టరు పుస్తకంలో ఉన్న అంకెతో కలవలేదు. అది పక్కరంగును కూడా లోపలికి వదిలే రకం, అంటే లేని కణాలను ఉన్నట్టు చూపగలదు. మూడు వారాల కిందట ఫిల్టర్లు తుడిచి మళ్లీ బిగించినట్టు అదే పుస్తకంలో మేడమ్ చేతిరాత ఉంది. నా గుంపు కనిపించడం మొదలైంది కూడా ఆ తర్వాతే.

నేను మూత పెట్టేసి రైలెక్కాను. ఎవరికీ తెలియదు, పేపరు వచ్చేస్తుంది అని దారంతా అనుకుంటూనే ఉన్నాను. మర్నాడు ఇక ఉండబట్టక వెళ్లి చెప్పాను.

"ఎప్పుడు చూశావమ్మా?"

"నిన్నండీ."

ఇంకేమీ అడగలేదు. ఫిల్టరు తీసి కిటికీ దగ్గర వెలుగులో చూశారు. "పెట్టింది నేనే," అన్నారు.

నన్ను వెంటబెట్టుకుని డైరెక్టరుగారి దగ్గరికి వెళ్లారు. సాంకేతిక కారణాల వల్ల కొన్ని ఫలితాలు సరిచూసుకోవాలని యంత్రం వాడినవాళ్లకు రాస్తే సరిపోతుంది కదా అన్నారాయన, ఆవిడ మంచి కోరే.

"అలా రాస్తే వాళ్లు తమ చేతిపనినే అనుమానించుకుంటారండీ. తప్పు నాదని రాస్తేనే వాళ్లకి తెలుస్తుంది," అన్నారు మేడమ్.

ఆ సాయంత్రమే ఉత్తరం తయారుచేసి, ఆ మూడు వారాల్లో యంత్రం వాడిన తొమ్మిది మందికీ మెయిల్ చేశారు, ఫోన్లు కూడా చేశారు. పొరపాటు తనదని మొదటి వాక్యంలోనే రాశారు. దాన్ని కనిపెట్టింది నేనని నా పేరూ రాశారు. ఆ వాక్యం చదివి నేను తలెత్తలేకపోయాను.

భీమవరం నుంచి ఒక ప్రొఫెసరుగారు వచ్చి, తన విద్యార్థిని థీసిస్ ఈ నెలలోనే ఇవ్వాల్సి ఉందని గుమ్మంలోనే నిలబడి కోప్పడ్డారు. ఆవిడ నిలబడే విన్నారు. సంజాయిషీ చెప్పుకోలేదు. ఆ అమ్మాయి నమూనాలే అందరికన్నా ముందు నడిపించారు. తర్వాత నెలరోజులూ ప్రతి ఆదివారం ప్రార్థన అవగానే చర్చి నుంచి నేరుగా ల్యాబుకి వచ్చి, మిగిలినవాళ్లవి తిరిగి చేసిపెట్టారు. కొందరి నమూనాలు మళ్లీ దొరకలేదు. ఆ మాట ఎప్పుడు వచ్చినా ఆవిడ ముఖం చిన్నబోయేది. ఆ ప్రొఫెసరుగారే మరుసటి ఏడు తన కొత్త విద్యార్థులను ఆవిడ దగ్గరికే శిక్షణకు పంపారు.

నా గుంపు మాత్రం మళ్లీ కనిపించలేదు. గైడుగారు వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. ఉన్న ఫలితాలతోనే, ఆలస్యంగా, చిన్న థీసిస్ రాశాను.

మేడమ్ రిటైరైన రోజున, ఎన్నాళ్లుగానో మనసులో ఉన్నది అడిగేశాను. ఒకరోజు ఎందుకు దాచావని నన్ను అడగలేదేమండీ అని.

"ఆ రోజంతా నిన్ను నువ్వే ప్రశ్నించుకుని ఉంటావు కదమ్మా. మళ్లీ నేనెందుకు?" అన్నారు.

ఇప్పుడు ఆ గది నా బాధ్యత. ఆవిడ రాసిన ఉత్తరంలో నేను దాచిన ఆ ఒక్క రోజు ప్రస్తావన లేదు. అందుకే శిక్షణకు వచ్చిన ప్రతి కొత్త బృందానికీ దాని సంగతి నేనే చెబుతాను. విన్నవాళ్లలో ఒకరో ఇద్దరో సాయంత్రం అందరూ వెళ్లేదాకా ఆగి, నా బల్ల దగ్గరికి వచ్చి, తాము చేసిన పొరపాటేదో మెల్లగా చెబుతుంటారు.