చెయ్యెత్తలేకపోయిన గ్రామసభ

విదేశంలో ఎక్కడో ఒక రాష్ట్రంలో ధర్మసంస్థల కట్టడాలకు పన్ను మినహాయించాలా వద్దా అని జనం చేత ఓట్లు వేయిస్తున్నారని మొన్న పత్రికలో చదివినప్పుడు, తొంభైల నాటి దోహా, అక్కడ నేను డ్రైవరుగా ఉన్న ఇల్లు, వెళ్ళలేకపోయిన ఒక గ్రామసభ, అన్నీ కలిసి గుర్తుకు వచ్చాయి.

మా తాతగారు బాటసారుల కోసం సత్రం కట్టించి ఊరికి రాసి ఇచ్చారు. తరువాత మా పొలాలు పోయాయి, ఇల్లు పోయింది, నేను పరాయివాడి కారు తుడిచే పనికి ఖతర్ చేరాను. మా పేరు చెప్పుకోవడానికి ఆ సత్రం ఒక్కటే మిగిలింది. అద్దె తీసుకోని కట్టడం గనుక దానికి ఇంటిపన్ను ఉండేది కాదు. కొత్త పంచాయతీవారు ఆ మినహాయింపు తీసేయాలంటున్నారనీ, సభలో చేతులెత్తించి తేలుస్తారనీ, పన్ను పడితే సత్రానికి తాళమేననీ, దాత మనవడిగా వచ్చి నాలుగు మాటలు చెప్పమనీ అక్కయ్య ఉత్తరం రాసింది.

రావడమెలా? పాస్‌పోర్టు యజమాని దగ్గరుండేది; ఆయన సంతకం లేనిదే దేశం దాటనివ్వరు. ఆ ఇంట్లోనే వంటచేసే కడప ఆయన, నన్ను వేళాకోళానికి దొరా అనేవాడు, ఉపాయం చెప్పాడు.

"మీ అమ్మకు బాగలేదని చెప్పు దొరా."

"అమ్మ పోయి ఆరేళ్ళయింది."

"ఇంగా మంచిది. ఆయమ్మ వచ్చి కాదంటాదా?"

అబద్ధమాడి సెలవు అడుక్కోవడం మా ఇంటా వంటా లేదని నిటారుగా యజమాని దగ్గరికే వెళ్ళి ఉన్న సంగతే చెప్పాను. ఇంటిపన్ను అనేదే ఎరుగని మనిషి ఆయన. ఇల్లు నీదా అన్నాడు. కాదు, ఇచ్చేశామన్నాను. ఇచ్చేసిన ఇంటితో నీకేం పనని నవ్వి, "యల్లా, పద, బండి తియ్యి" అన్నాడు. సభ జరిగిన ఉదయం దోహా విమానాశ్రయం పక్కనున్న అల్ తుమామాలో, యజమాని ఇంటి గేటు బయట కారులో కూర్చుని, నెత్తి మీదుగా పోయే విమానాల చప్పుడు వింటూ, స్టీరింగు వదలకుండా పట్టుకుని ఉన్నాను.

మూడు వారాలకు అక్కయ్య ఉత్తరం అందింది. మినహాయింపు నిలిచిందట. ఒకప్పుడు ఆ సత్రంలో పురుడు పోసుకున్న గాజులు అమ్మే ఆవిడ లేచి మాట్లాడిందట; ఆమె మాటకే చేతులు లేచాయట. మా తాతగారి పేరు ఎవరూ ఎత్తలేదు, నేను రాలేదేమని ఎవరూ అడగలేదు. సంతోషించాను, అయినా ఆ పూట అన్నం సహించలేదు.

ఇప్పుడు అక్కడి పనివాళ్ళలో చాలామందికి యజమాని సంతకం అక్కరలేదంటున్నారు. ఆ మాట ఎంత పెద్దదో మన ఈడువాళ్ళకు తెలుసు. ఆనాడు నన్ను కదలనివ్వలేదు గాని, నేను వెళ్ళకపోతే ఆగిపోయే పని ఊళ్ళో ఒకటుందనుకునేవాణ్ణి. ఇప్పుడు ఎక్కడికైనా వెళ్ళవచ్చు. అటువంటి పనే ఎక్కడా లేదు.