షటర్ ఎత్తి ఆడించిన పసుపు

“సంచి దులిపేవేటి?”

“దులిపేన్లే. ముందు నువ్వెల్లు, బస్సెల్పోద్ది.”

మా ఆయనా నేనూ ఆఖరిసారి మాట్లాడుకున్న మాటలు ఇవే. మరకి బెల్టు కొనడానికి అనకాపల్లి బయల్దేరాడు. బస్సు దిగిన చోటే కూలబడిపోయాడట. ఇంటికి తెచ్చేసరికి మాట లేదు. పోయేముందు మొగుడు చెయ్యి పట్టుకున్నాడనీ, ఏదో చెప్పి పోయాడనీ చెప్పుకుంటారు ఆడవాళ్ళు. నాకు మిగిలింది సంచి మాట. అదేం తక్కువ మాట కాదు. ఎందుకో చెబుతాను, రాయి. నువ్వు పుస్తకంలో రాసేటట్టే రాసుకో అమ్మడూ, కానీ మనుషులు అన్న మాటలు మాత్రం అన్నట్టే ఉంచు.

చోడవరంలో మాది పిండి మర. రెండు మరలున్నాయి. ఒకదాన్లో బియ్యం, గోధుమలు ఆడిస్తాం. రెండోదాన్లో కారం, పసుపు, ధనియాలు. మర మూతికి పొడుగాటి గుడ్డ సంచి కడతాం, అడుగు లేని సంచి. పిండి అందులోంచి జారి కింద డబ్బాలో పడుతుంది. మర ఆగాక కూడా ఆ సంచి మడతల్లో గుప్పెడు పిండి ఉండిపోతుంది. చేత్తో కొట్టి దులపాలి. దులపకపోతే ఒకరి పిండి ఇంకొకరి డబ్బాలోకి పోతుంది. అక్కడి నుంచే గొడవలన్నీ.

గొడవ లేని కొట్టు నేను చూడలేదు. రావికమతం నుంచి ఒకావిడ షేర్ ఆటోలో వచ్చేది. దిగుతూనే మొదలు.

“పోయినసారి పిండి తగ్గిపోయింది. ఇంటికెల్లి తూసేను. మీ మర తినేసింది.”

“మర తినదమ్మా, పళ్ళు లేవు దానికి,” అనేవాడు మా ఆయన.

“నీకున్నాయి గదా!”

ఆయన నవ్వేసి పక్కకి జరిగేవాడు. “రా, నువ్వే దులుపుకో.” ఆవిడ కొంగు బిగించి ఆ సంచిని తోడికోడల్ని కొట్టినట్టు కొట్టేది. ఇక తగ్గిందన్న మాట రాలేదు. అప్పటి నుంచి మా మరలో అదే పద్ధతి. ఆఖరి దెబ్బ ఎవరి పిండికి వాళ్ళదే. దోసెలు విరుగుతున్నాయని ఒకరు, జంతికలు నూనె పీల్చేస్తున్నాయని ఒకరు, పురుగు పట్టిందని ఒకరు. పురుగు పిండిలో పుట్టిందా, వాళ్ళ డబ్బాలో పుట్టిందా అని నేను వాదించేదాన్ని. ఆయన వాదించేవాడు కాదు. జల్లించి ఇచ్చి పంపేవాడు. నాకు గొంతుంది, ఆయనకి ఓపికుంది. ఈ మర హోరు మీద అరిచి అరిచి నా గొంతు ఇలా బొంగురు పోయింది గానీ, పుట్టినప్పుడు బాగానే ఉండేదట.

ఆయన పోయాక, పెద్ద దినం అయిపోయాక నేను షటర్ ఎత్తాను. మర సంగతి నాకు తెలుసు. గొడవలూ తెలుసు. కానీ కొత్త గొడవ ఒకటొచ్చింది. అది పిండి గురించి కాదు.

బుచ్చయ్యపేట వైపు నుంచి ఒకావిడ పసుపు కొమ్ముల బస్తా తెచ్చింది. కూతురి పెళ్ళి పసుపు. ఐదుగురు ముత్తయిదువలు రోట్లో నాలుగు కొమ్ములు శాస్త్రానికి దంచుతారు. మిగతా బస్తా మరకే వస్తుంది కదా. ఆయన ఉన్న రోజుల్లో పెళ్ళి పసుపులన్నీ నేనే ఆడించేదాన్ని. అడిగి మరీ నా చేతికిచ్చేవారు. ఆ రోజు ఆవిడ బస్తా దించి నా మొహం చూసింది. బోసి నుదురు చూసింది. మళ్ళీ బస్తా మూతి బిగించింది.

“మగోలెవులూ లేరేటి?”

“లేరు. నానున్నాను. ఆడిస్తాను, దించు.”

“పెల్లి పసుపు తల్లీ. ఏటనుకోకు.”

అనుకోకుండా ఎలా ఉంటాను? బస్తా ఎత్తుకుని వెళ్ళిపోయింది. వరసలో ఉన్నవాళ్ళు నేల చూశారు.

ఈ సంగతి మా మరిది చెవిన పడింది. మరలో సగం వాటా అతనిది. సాయంత్రం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“వొదినా, పెల్లిల్లు అయ్యేదాకా నువ్వింట్లో ఉండు. ఒక మనిసిని పెడతాను.”

“మనిసినా? నానేటి మరి?”

“అలాగనకు. పెల్లి పసుపులు పోతే కారాలూ పోతాయి. అందరూ ఒక్క మరకే ఎల్తారు. నీకు తెలీదేటి?”

అది నిజమే. అతను చెడ్డవాడు కాదు, బెదిరిపోయాడు. రాయి అమ్మడూ, మీ నాన్న మాటే ఇది. పెన్ను ఆపకు. అతను చదివితే నేను చెప్పుకుంటాను.

నేను ఇంట్లో కూర్చున్నాను. పని చేసే మనిషికి కూర్చోవడం ఎంత కష్టమో కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది. చేతులు ఊరికే ఉండక బియ్యంలో రాళ్ళేరేవి, రాళ్ళు లేకపోయినా. మర దగ్గర మీసాలాయన ఒకడు చేరాడు. బలమైనవాడు. బస్తా ఒక్క చేత్తో ఎత్తేస్తాడని మరిది పొగిడాడు. బుచ్చయ్యపేట ఆవిడ కూడా మగమనిషి ఉన్నాడని తెలిసి అదే బస్తాతో మళ్ళీ వచ్చిందని, నవ్వుతూ ఆడించుకుని వెళ్ళిందని చెప్పాడు. నేను ఊ అన్నాను.

మూడుముళ్ళకి ముందు రోజు పొద్దున్నే మరిది పరుగెత్తుకుంటూ వచ్చాడు.

“వొదినా, ఒకపాలి రా. గొడవగా ఉంది.”

వెళ్ళేసరికి మర ముందు ఆటో. బుచ్చయ్యపేట ఆవిడే, గుప్పెట్లో పసుపు పట్టుకుని రోడ్డంతా వినపడేలా అరుస్తోంది. మీసాలాయన మర వెనక నక్కాడు.

“ఇది పసుపా, కారమా? నలుగెట్టీ ఎట్టక ముందే నా గుంట కెవ్వున అరిసింది. మొకం సూడు!”

చూశాను. పెళ్ళికూతుర్ని ఆటోలో కూర్చోబెట్టి తెచ్చింది. కాలిపోయిన మిక్సీని రిపేరు కొట్టుకి తెచ్చినట్టు సాక్ష్యానికి తెచ్చింది. పిల్ల బుగ్గలు కందగడ్డలా ఉన్నాయి. తడి తువ్వాలు అద్దుకుంటూ, గోరింటాకు చేత్తో విసురుకుంటోంది.

ఆ పసుపు చిటికెడు నాలిక మీద వేసుకున్నాను. కారం. దండిగా ఉంది. గోడకున్న మేకు వైపు చూశాను. నేను పసుపుకి వేరే సంచి ఉంచుతాను, పచ్చబడిపోయిన సంచి. అది మేకుకే వేలాడుతోంది, సాలెగూడు పట్టి. మరకి కట్టింది కారం సంచి. మిరపకాయలు ఆడించాక నూకలు వేసి ఆడించాలి, అవి తెల్లగా వచ్చేదాకా. తర్వాత సంచి మార్చాలి. అప్పుడు పసుపు. అతను మిరపకాయల వెనకే పసుపు పోసేశాడు. మరకున్న సంచిని ఒక్క దెబ్బ కొట్టాను. ఎర్రటి దుమ్ము లేచి వరసలో ఉన్నవాళ్ళందరూ తుమ్మారు.

“నాకెవులు సెప్పేరు సంచి మార్చాలని?” అన్నాడు మీసాలాయన.

“సెప్పాల్సింది నాను. నన్నింట్లో కూకోబెట్టేరు.”

మరిది చెప్పు చివర చూసుకున్నాడు.

‘మగాడి చెయ్యి కావాలన్నావు కదే, అనుభవించు’ అని నాలిక చివరిదాకా వచ్చింది. మింగాను. ఆ పిల్ల మొహం చూసి మింగాను, తల్లిని చూసి కాదు. పైగా పసుపు మా మరలో ఆడింది. ఎవరి చేత్తో ఆడినా మా మరే.

“తప్పు మాదమ్మా. మీ తప్పేటీ లేదు. మల్లీ ఆడించిస్తాను, కొమ్ములు కూడా మావే.”

ఆవిడ కొంచెం తగ్గింది. “బేగి కానీ. రాత్రికి బందువులు దిగుతారు.” మీసాలాయన వైపు చూసింది. “అతనాడిస్తాడా?”

“కాదు. నాను.”

ఆవిడ మరనీ నన్నూ మార్చి మార్చి చూసింది. తర్వాత నా దగ్గరికొచ్చి, ఇందాకటి గొంతు ఎక్కడ దాచిందో, గుసగుసగా అంది.

“అయితే ఒక పని సెయ్యి. షటరు దించీ. లోపల్నించే ఆడించిచ్చీ. అతనే ఆడించేడని నాను సెప్పుకుంటాను. ఎవులికీ తెలీదు.”

మరిది చెయ్యి అప్పటికే షటర్ మీదికి వెళ్ళింది. “పోన్లే వొదినా, దించుదాం. ఒక్క పదినిమిసాలు.”

ఆ షటర్ని అతనొక పక్క పట్టుకున్నాడు, నేనొక పక్క పట్టుకున్నాను. రెండు సగాల వాటాదారులం కదా.

“దించేవంటే మరాపేస్తాను. ఇద్దరం మునుగుదాం.”

“ఒలమ్మా, నీ మంచికే గదా సెప్తన్నాను,” అంది ఆవిడ.

“నా మంచా? తెలీకండా ఆడిస్తే మంచి సెయ్యి, తెలిస్తే సెడ్డ సెయ్యా? నానేటి దొంగసారా కాస్తన్నానా, షటరు దించుకోడానికి? పసుపాడిస్తన్నాను.”

“ఆచారమని ఒకటుంటాది.”

“ఉంటాది. పెల్లికూతుర్ని సేసీసేక గడప దాటించకూడదన్నదీ ఆచారమే. నువ్వు గడప దాటించి, ఊరు దాటించి, ఆటోలో కుదిపి తెచ్చేవు. ఆ దోసం ఏటైంది? దార్లో దిగిపోయిందేటి?”

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వు అంటుకుంది. ఆవిడ మొహం కూతురి బుగ్గలకంటే ఎర్రబడింది.

“మొకం సూపించకపోతే నువ్వు నమ్ముతావేటి?” అని, ఆటోవాడి వైపు తిరిగి, “పోనీ బాబూ, మాడుగుల పోనీ. మరలు లేవేటి ఈడొక్క సోటే?” అంటూ ఎక్కేసింది.

ఆటో శబ్దం లేచింది. నేను షటర్ వదల్లేదు. వదిలితే ఇక ఎప్పటికీ దాని వెనకే ఉండాలని నాకు తెలుసు. ఈ ఒక్కసారి దించితే వచ్చే ప్రతి పెళ్ళికీ దించుతారు. తర్వాత కారానికి దించుతారు. తర్వాత అసలు ఎత్తనివ్వరు. బేరం పోతే పోనీ అనుకున్నాను. అనుకోవడం తేలిక కాదు, నాకు ఈ మర తప్ప ఇంకేమీ లేదు. అయినా అనుకున్నాను.

ఆటో కదల్లేదు. పిల్ల దిగుతోంది. తల్లి చెయ్యి పట్టుకుని లాగుతుంటే విదిలించుకుంది.

“మాడుగుల్లో సంచి మార్చేరో లేదో నీకు తెలుసేటమ్మా? ఈవిడ సంచి సూపించింది. మండింది నా మొకం, నీది కాదు.”

తువ్వాలు బుగ్గకి ఆనించుకుని మర ముందుకొచ్చి నిలబడింది.

“ఆడించత్తా. షటరెత్తే ఆడించు.”

అప్పుడు వదిలాను షటర్ని. వేళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి. కారం సంచి విప్పాను. నూకలు పోశాను. మొదట ఎర్రగా వచ్చాయి, తర్వాత గులాబీగా, తర్వాత తెల్లగా. మళ్ళీ ఒక దఫా పోశాను. మేకు మీది పచ్చ సంచి దులిపి కట్టాను. కొమ్ములు పోస్తే మర గలగలా అరిచి, తర్వాత ఆ అరుపు మెత్తబడింది. వాసన రోడ్డు దాకా వెళ్ళింది. మర ఆగాక ఆ పిల్లని పిలిచాను.

“రా, ఆఖరి దెబ్బ నీదే.”

గోరింటాకు చేత్తో కొట్టింది. భయపడుతూ కొట్టింది. “తోడికోడల్ని కొట్టినట్టు కొట్టాలే!” అని వరసలోంచి ఎవరో అన్నారు. “ఇంకా రాలేదత్తా తోడికోడలు,” అంటూ గట్టిగా కొట్టింది. పచ్చటి దుమ్ము మా ఇద్దరి మీదా పడింది.

అంతసేపూ తల్లి రోడ్డు వైపు తిరిగి నిలబడింది. డబ్బా నిండాక మాత్రం వచ్చి, చిటికెడు నాలికకి రాసుకుని చూసింది. డబ్బా ఎత్తుకుని ఆటో ఎక్కింది. పెళ్ళికి పిలవలేదు. నేను పిలుపు కోసం ఆడించలేదు.

ఆ ఏడు కొందరు పసుపులు మాకు తేలేదు. అబద్ధమెందుకు, చాలామందే తేలేదు. మాడుగుల వెళ్ళారు. వెళ్ళనీ, వచ్చేటప్పుడు హల్వా తెచ్చుకుంటారు. ఇప్పటికీ ఒక్కొక్కరు తొంగి చూసి, “మగోలెవులూ లేరేటి?” అంటారు.

“మీ ఇంట్లో ఉంటే తోలండి. సంచి దులపడానికి పనికొస్తారు,” అంటాను.

ఆ పిల్ల కాపురం ఎలా ఉందని నన్నడిగేవాళ్ళూ ఉన్నారు. ఏదైనా జరిగితే నా చేతికి అంటించాలని. “నాను పసుపాడించేను గానీ పెల్లికొడుకునాడించలేదు. ఎల్లి అతన్నడగండి,” అని చెబుతాను. మీసాలాయన వెళ్ళిపోయాడు. మీ నాన్న మళ్ళీ ఇంట్లో కూర్చోమనలేదు. ఒకసారి కారం తర్వాత తనే సంచి మార్చాడు, తలకిందులుగా కట్టాడు గానీ.

నీ పెళ్ళి పసుపు ఎవరు ఆడించాలో నువ్వు చెప్పు అమ్మడూ. మీ నాన్నని అడక్కు, నువ్వు చెప్పు. ఇప్పుడే చెప్పమనడం లేదు. ముందు ఇది పూర్తి చెయ్యి.

ఆయన సంచి దులిపేవేటి అని అడిగి వెళ్ళాడు. దులుపుతూనే ఉన్నాను, పదిమంది చూస్తుండగా. అది రాశావా? రాయి.

ఇక నాకు చదువు రాదు కాబట్టి, నువ్వేం రాశావో నాకు తెలియాలి కదా. మర ఆపేశాను. అక్కడ వరసలో నలుగురున్నారు, వాళ్ళూ వింటారు. ఆ షటర్ సగానికి జారినట్టుంది, పూర్తిగా ఎత్తు. ఎత్తావా? ఇప్పుడు మొదటి నుంచి గట్టిగా చదివి వినిపించు.