ఎడమ కోరపన్ను మీద రంగు

పళ్ళు తోముకోవడం తమకు వచ్చని అందరూ అనుకుంటారు. ఆ మాట పాలిష్ అక్క ముందు మాత్రం అనకండి. ఇరవై రెండేళ్ళుగా ఒక పళ్ళ ఆసుపత్రి వెనక గదిలో, వాలు కుర్చీ పక్కన గుండ్రటి స్టూలు మీద కూర్చుని ఊళ్ళోవాళ్ళ నోళ్ళు శుభ్రం చేస్తున్న మనిషి ఆమె. పన్ను పీకడం, నరం తియ్యడం, కట్టుడు పళ్ళు పెట్టడం డాక్టరమ్మ పని. గార గీకడం, టీ మరకలూ సిగరెట్టు మరకలూ వదిలించడం, ఆఖర్న పాలిష్ పెట్టి పన్ను మీద నాలుక జర్రున జారేలా చెయ్యడం ఈమె పని. "నాది పాచిపనేనండీ, గిన్నెలకు బదులు పళ్ళు, అంతే తేడా" అని తనమీద తనే జోకులేసుకునేది. వేసుకునేది అంటున్నాను చూడండి, ఇప్పుడు వెయ్యదు. ఎందుకు వెయ్యదో అదే చెప్పబోతున్నాను.

పాచి మామూలుగా కంటికి ఆనదు. పన్ను రంగులోనే పన్నును అంటిపెట్టుకుని ఉంటుంది. అందుకని ఆమె ముందు గులాబీ రంగు మందు ఒకటి దూదితో పళ్ళన్నిటికీ రాసి నోరు పుక్కిలించమంటుంది. శుభ్రంగా ఉన్నచోట రంగు పోతుంది, పాచి ఉన్నచోట పట్టుకుని ఉండిపోతుంది. అప్పుడు అద్దం చేతికిచ్చి "చూసుకోండి మీ ఘనకార్యం" అంటుంది. రెండు పూటలా తోముతున్నామని బల్లగుద్ది చెప్పిన పెద్దమనుషులు కూడా ఆ అద్దంలో చూసుకుని కిక్కురుమనరు.

ఆ రంగు ఎక్కడ మిగిలిందో చూసి ఆమె మనిషి సంగతి చెప్పేస్తుంది. కుడిచేతివాటం మనిషికి బ్రష్షు ఎడమవైపు హాయిగా నడుస్తుంది. కుడి కోరపన్ను దగ్గరికొచ్చేసరికి మణికట్టు తిరగాలి, అక్కడ బద్ధకిస్తుంది. కాబట్టి కుడిచేత్తో తోమేవాళ్ళకు కుడి కోరపన్ను మీద రంగు మిగులుతుంది, ఎడమచేతివాళ్ళకు ఎడమ కోరపన్ను మీద. ఇది ఆమెకు ఎవరూ చెప్పలేదు. వేల నోళ్ళు చూసి తనే పట్టుకుంది. కొత్తగా వచ్చినవాళ్ళను "మీది ఎడమచేతివాటమా?" అని అడిగి వాళ్ళు నోరెళ్ళబెడితే, సందు దొరికింది కదా అని పళ్ళు చూసే చిన్న అద్దం లోపల పెట్టేసేది.

డ్రాయింగ్ మాస్టారు పన్నెండేళ్ళుగా ఆమె దగ్గరికి వస్తున్న మనిషి. బళ్ళో పిల్లలకు బొమ్మలు నేర్పేవారు. కప్పు మీద కప్పు టీ తాగేవారు కాబట్టి ముందు పళ్ళ వెనక గోధుమరంగు మరకలు, ఇక కుడి కోరపన్ను మీద ప్రతిసారీ చెరగని గులాబీ రంగు. ప్రతిసారీ ఆమె చివాట్లు.

"మాస్టారూ, పిల్లవాడు గీత వంకరగా గీస్తే ఏమంటారండీ?"

"మళ్ళీ గియ్యమంటాను."

"మరి నేను పన్నెండేళ్ళుగా ఈ మూల మళ్ళీ తోమండి బాబూ అని మొత్తుకుంటున్నానే!"

"నీ క్లాసులో నేను మొద్దబ్బాయినమ్మా. వెనక బెంచీలో కూర్చోబెట్టెయ్" అని ఆయన హాయిగా నవ్వేవారు.

ఒక వానరోజున ఆయన వచ్చారు. ఆమె ఎప్పటిలాగే రంగు రాసింది, పుక్కిలించమంది, దీపం దగ్గరకు లాగి చూసింది. కుడి కోరపన్ను తెల్లగా మెరుస్తోంది! ఎడమ కోరపన్ను మీద మాత్రం రంగు దట్టంగా ఉంది. పాలిష్ అక్క సంబరం చెప్పనలవి కాదు.

"అమ్మయ్య! ఇన్నాళ్ళకు నా మాట చెవికెక్కిందండీ మాస్టారూ! కుడివైపు నూటికి నూరు. కాకపోతే అటు తోమి తోమి ఎడమవైపు మర్చిపోయారు."

అద్దం ఇచ్చింది. ఆయన ఎడమచేత్తో అందుకున్నారు. కుడిచెయ్యి ఒళ్ళో, మెడనుంచి వేలాడుతున్న కాగితపు గుడ్డ కింద ఉండిపోయింది. ఆయన అద్దంలో చాలాసేపు చూసుకున్నారు.

"బాగుందంటావా?" అని అడిగారు.

"భేషుగ్గా ఉందండీ" అందామె. అని, గార గీకి, పాలిష్ పేస్టు అద్ది, రబ్బరు మొన గిర్రున తిప్పి ఆ ఎడమవైపు రంగంతా ఒక్క చుక్క లేకుండా తుడిచేసింది. కళ్ళెదురుగా రాసిపెట్టినట్టున్నదాన్ని చేతులారా చెరిపేసింది. ఏళ్ళ తరబడి పరాయివాళ్ళ దగ్గర గొప్పగా చూపించుకున్న విద్య, సరిగ్గా అక్కరపడిన రోజున ఎక్కడికి పోయిందో!

నాలుగు నెలలకు మాస్టారు పోయారు. ఆ సంగతి ఆయన భార్యే వచ్చి చెప్పింది. పన్ను సలుపుతోందని వచ్చి, అదే కుర్చీలో కూర్చుని చెప్పింది. మెదడులో గడ్డట. కుడిచెయ్యి పట్టు తప్పి చాన్నాళ్ళైందట. బ్రష్షూ, గుండీలూ, తాళంచెవీ అన్నీ ఎడమచేత్తోనేనట. బళ్ళో మాత్రం మణికట్టు బెణికిందని చెప్పి పిల్లలచేత బోర్డు మీద గీయించారట. కొన్ని నెలల ముందు తెచ్చి ఉంటే గడ్డ తీసేసేవాళ్ళమని పెద్దాసుపత్రి డాక్టర్లు అన్నారట.

పాలిష్ అక్క చేతిలోని పరికరం ట్రేలో పడింది. తెల్లగా మెరిసిన ఆ కుడి కోరపన్ను అప్పుడు ఆమె కళ్ళముందు నిలబడింది.

"నీ దగ్గరికి వచ్చినప్పుడు ఏమైనా అన్నారా అమ్మాయ్?" అని అడిగింది ఆవిడ.

"లేదండీ. ఏమీ అనలేదు" అంది పాలిష్ అక్క. అబద్ధం కాదు, ఆయన నిజంగానే ఏమీ అనలేదు.

ఆనాటి నుంచి ఆమెకు ఏ నోరు తెరిచినా ఆయన నోరే. బ్యాంకు గుమాస్తా టీ మరకలు గీకుతూ ఉంటే మాస్టారి మరకలు కనిపించేవి. రబ్బరు మొన తిరుగుతున్న చప్పుడులో "బాగుందంటావా?" అని వినిపించేది. ఉలిక్కిపడి యంత్రం ఆపేసేది. ఎవరికైనా ఎడమ కోరపన్ను మీద రంగు మిగిలిందా, ఇక వాళ్ళ పని అయిపోయిందే! "ఏ చేత్తో తోముతారు? మొదటినుంచీ అదేనా? ఏదీ, కుడిచేత్తో నా వేలు గట్టిగా పట్టుకోండి. ఇంకా గట్టిగా." వచ్చినవాళ్ళు బిత్తరపోయేవారు. ఒకాయన వెళ్ళి ఫిర్యాదు కూడా చేశాడు.

"పళ్ళు శుభ్రం చేయించుకోడానికి వచ్చినవాళ్ళతో కుస్తీలేమిటే నీకు?" అని డాక్టరమ్మ కేకలేసింది.

ఇంట్లో సంగతి మరీ అన్యాయం. మొగుడు పొద్దున్నే బ్రష్షు పట్టుకుంటే చాలు, గుమ్మంలో నిలబడి చూసేది. "తల్లీ, ఇదిగో కుడిచెయ్యి, ఉంది, బాగుంది, నన్ను తోముకోనివ్వు" అని అతను దణ్ణం పెట్టేవాడు. అసలు సంగతి అతనికీ చెప్పలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని ఆమెకు తెలుసు. తెలిసినా ఊరుకోలేకపోయింది.

అన్నిటికన్నా భయం ఆవిడ రాక. మాస్టారి భార్య ఆరునెలలకోసారి తప్పకుండా వచ్చేది. ప్రతిసారీ కుర్చీలో వాలి, దీపం వెలగగానే అదే ప్రశ్న. "ఏమైనా అన్నారా అమ్మాయ్, ఆ రోజు?" ప్రతిసారీ అదే జవాబు. చెప్తే ఆవిడ తనను చంపినంత పని చేస్తుంది. చెయ్యాలి కూడా. చెప్పకపోతే ఆ ప్రశ్న మళ్ళీ వస్తుంది, మళ్ళీ ఆ జవాబే చెప్పాలి. మింగలేక కక్కలేక రెండేళ్ళు గడిపింది.

ఐదోసారి ఆవిడ వచ్చినప్పుడు మధ్యాహ్నం. డాక్టరమ్మ భోజనానికి వెళ్ళింది. ఆవిడ ఎప్పటిలాగే వాలింది, దీపం వెలిగింది.

"ఆ రోజు ఆయన ఏమైనా..."

"ఆయన అనలేదండీ. నేను చూశాను."

అనేశాక ఇక ఆగలేదు. మాస్కు కిందికి లాక్కుని అంతా చెప్పింది. కుడిన ఉండాల్సిన రంగు ఎడమన ఉంది. చెయ్యి మారిందంటే అర్థమేమిటో తనకు తెలిసి ఉండాలి, తనకే తెలిసి ఉండాలి. తన మాట విన్నారని మురిసిపోయింది. మెచ్చుకుంది. తుడిచేసింది. "నన్ను తిట్టండమ్మా. కొట్టండి. ఈ రెండేళ్ళూ మీ మొహం చూడలేక చస్తున్నాను" అని ఏడ్చింది.

ఆవిడ తిట్టలేదు.

"నాకు తెలుసమ్మాయ్" అంది దీపం కేసి చూస్తూ. "పక్కలో మనిషి చెయ్యి చచ్చుబడితే పెళ్ళానికి తెలియదా? ఇంకో ఏడాదిలో రిటైరవుతాను, అప్పుడు చూపించుకుంటాను, ఈలోగా ఎవరికైనా చెప్పావా నా మీద ఒట్టే అన్నారు. చెప్పనని చేతిలో చెయ్యేశాను. నోటితో చెప్పకూడదు, అంతేగా? అందుకని నీ దగ్గరికి పంపాను."

పాలిష్ అక్కకు అర్థం కాలేదు. "నా దగ్గరికా?"

"అంతకుముందు నీ దగ్గర పళ్ళు శుభ్రం చేయించుకుని ఆయనకు ఆరునెలలు కూడా కాలేదు అప్పటికి. పోరుపెట్టి పంపాను. ఎవరిది ఏ చెయ్యో నువ్వు చూస్తే చెప్పేస్తావని ఆయనే నాకు చెప్పి నవ్వేవారు. నువ్వు పట్టుకుంటావు, డాక్టరమ్మతో అంటావు, నా ఒట్టు తప్పకుండానే పని జరిగిపోతుంది అనుకున్నాను. సాయంత్రం ఇంటికొచ్చి, 'నాకు నూటికి నూరు ఇచ్చిందే ఆ అమ్మాయి' అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. అయితే ఏమీ లేదు, నేనే లేనిపోనివి ఊహించుకున్నాను, ఏదైనా ఉంటే ఆ పిల్ల కళ్ళు తప్పిపోయేదా అనుకున్నాను. ఆ రోజునుంచి ఆయన చేతికేసి చూడడం మానేశాను."

గదిలో ఉమ్ము లాగే గొట్టం ఒక్కటే గురగురమంటోంది. పాలిష్ అక్క దాన్ని కట్టేసింది. స్టూలు మీద కూర్చుండిపోయింది.

"అడిగినప్పుడల్లా నువ్వు లేదన్నావు చూడూ, అప్పుడల్లా తప్పు నా ఒక్కదానిదే అనుకుంటూ ఇంటికెళ్ళాను" అంది ఆవిడ. కళ్ళు తుడుచుకుని, గడ్డం పైకెత్తింది. "సరే, రంగు వెయ్యి. ఈసారి నా నోట్లో ఏం కనిపిస్తే అది చెప్పు. దాచకు."

పాలిష్ అక్క రంగు వేసింది. అద్దం లోపల పెట్టి, పైన చూసింది, కింద చూసింది. దవడ పళ్ళ దగ్గర ఆగింది. వాటి తలలు అరిగిపోయి బల్లపరుపుగా ఉన్నాయి. పోయిన నాలుగుసార్లూ ఆవిడ మొహం చూడలేక తొందరగా ముగించిందేమో, ఇది చూడలేదు.

"నిద్రలో పళ్ళు నూరుతున్నారండీ" అంది. "అసలు సరిగ్గా నిద్రే పట్టడం లేదు మీకు."

"పట్టదు" అంది ఆవిడ, నోట్లోంచి అద్దం తియ్యగానే. "నీకు పడుతోందా?"

"లేదండీ" అంది పాలిష్ అక్క.