గడియ వేయని తలుపు

“గడియ ఎయ్యొద్దని సెప్తన్నాను అత్తా. నిన్నేటి జరిగినాదో మర్సిపోనావేటి?”

“తలుపు తెరుసుకుని కూకోమంటావేటి?”

“తెరవమన్నానా? దగ్గరికేసుకో. నువ్వు లోపల కూలబడిపోతే తలుపు బద్దలగొట్టాల.”

“కొట్టు. కొత్త తలుపు మీ బాబు పంపుతాడు గావాల.”

కోడలు చీపురు అందుకుని వాకిట్లోకి పోయింది. ముందురోజు పెరట్లో మరుగుదొడ్డిలో గొంతుక్కూర్చున్నదాన్ని మళ్లీ లేవలేకపోయాను. తొడలు వణికాయి తప్ప ఒళ్లు పైకి రాలేదు. బయటినుంచి కోడలు పిలుస్తూనే ఉంది. నేను పలకలేదు. ఆ స్థితిలో ఎవరి కంటా పడకూడదనిపించింది. చివరికి గోడ పట్టుకుని, మోకాళ్ల మీద పాకి గడియ తీశాను.

మోకాలి కీలు మధ్య మెత్తటిది అరిగిపోయిందని డాక్టరు ఇదివరకే చెప్పాడు. వయసుకి తొడ కండ కూడా కరిగిపోయిందట. కుర్చీలో కూర్చుని కాలు చాపి దించమంటే రోజూ చేస్తున్నాను. కొడుకు కుర్చీలా కూర్చునే మరుగుదొడ్డి కట్టిస్తానన్నాడు. బాగున్నదాన్ని తవ్వించడం దేనికని నేనే వద్దన్నాను.

ఒడ్డు నుంచి శ్రీకూర్మం దాకా చేపల గంప మోసిన కాళ్లివి. కత్తిపీట ముందు గంటలకొద్దీ గొంతుక్కూర్చుని చేపలు కోసేదాన్ని. లేవడం కూడా ఒక పనేనని అప్పుడు తెలీదు.

మా అత్తకీ ఇలాగే మొదలైంది. లేవడానికి ముందు గోడ, తర్వాత నా భుజం, ఆ తర్వాత మంచం. మంచం ఎక్కాక మళ్లీ దిగలేదు. ఆమెను కడిగింది నేనే. కడుగుతున్నంతసేపూ గోడవైపే చూసేది. నా మంచం ఏ మూల వేస్తారోనని ఈమధ్య ఇంట్లో మూలలు చూస్తున్నాను.

ఆ సాయంత్రం పడవ లంగరుకు కట్టే పాత తాడు ఒకటి వెతికి, దొడ్డి కిటికీ ఊచకు కట్టాను. దానికి ఖర్చేమీ లేదు. తాడు తెగదని నాకు తెలుసు. నా చేతుల్లో సత్తువ ఎన్నాళ్లుంటుందో అదే తెలీదు.

మర్నాడు పొద్దున వెళ్లాను. గడియ మీద చెయ్యి వేసి, మళ్లీ తీసేశాను. తలుపు దగ్గరికి వేసుకున్నాను. పనయ్యాక రెండు చేతులా తాడు పట్టుకుని లాగితే సగం వరకే లేచాను. మోకాలు పట్టేసింది.

“ఒసే, ఓపాలి రా” అన్నాను.

కోడలు వచ్చి చంకల కింద చేతులేసి లేపింది. నేను గోడవైపు చూశాను.

తాడు విప్పెయ్యనా అని అడిగింది. ఉండనియ్యమన్నాను.