ఎకరా అయిదు సెంట్లు

మా కోడలు పోయింది. ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు.

మామూలు జ్వరమే అనుకున్నాం. మూడో నాటికి మనిషి లేవలేకపోతే మావాడు విశాఖపట్నం తీసుకెళ్లాడు. ఆరో రోజు పొద్దున్న నేను గేదెకు గడ్డి వేస్తుంటే ఫోను చేశాడు. "నాన్నా, బండి బయల్దేరింది" అన్నాడు. అంతే. ఏం బండి అని నేను అడగలేదు. నయమైన మనిషిని తీసుకొచ్చేవాడు 'బయల్దేరాం' అంటాడు, 'బండి బయల్దేరింది' అనడు. చేతిలో గడ్డి చేతిలోనే ఉంది. వెళ్లి గేటు రెండు రెక్కలూ బార్లా తీసిపెట్టి అక్కడే కూర్చున్నాను.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాను. మూడో తరగతి దాకా వెళ్లాను. పాసుపుస్తకం చదవగలను, సంతకం పెట్టగలను. ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు పది రోజులు పట్టింది. ఎవరి చేతా రాయించలేదు. ఇది నేనే రాయాలి. ఎందుకో చివర్న తెలుస్తుంది.

ఆమెది రావికమతం పక్క. రైతుబిడ్డే, కానీ కంప్యూటరు చదివింది. విశాఖలో ఏదో చిన్న కంపెనీకి మా ఇంట్లోంచే పనిచేసేది. వచ్చిన నెలలోనే ముందుగదిలో నా ధాన్యం బస్తాలన్నీ వరండాలోకి జరిపించి లాప్‌టాపుకి బల్ల వేయించింది. నాకు ఒళ్లు మండింది. బస్తాలకి లేని గది ఒక డబ్బాకి కావాలా అనుకున్నాను. గుమ్మంలో నిలబడి అడిగాను.

"ఏటమ్మా నీ ఉజ్జోగం?"

"తప్పులు వెతకడం మావయ్యా."

"ఎవుల తప్పులు?"

"వెబ్‌సైటువి. రైతులు విత్తనాలకీ, ఎరువులకీ, పంట నష్టానికీ దరఖాస్తు పెట్టుకునే సైటు ఒకటి కడతన్నారు మావోళ్లు. అది ఎక్కడ తప్పుతాదో నేను ముందే పట్టుకోవాలి."

"దానికి జీతం కూడానా! తప్పులు కావాలంటే ఈ ఇంట్లో బోలెడున్నాయి, ఊరికే ఎతికి పెడతాను."

"మరైతే మీతోటే మొదలెట్టమంటారా?" అంది.

నాతో అలా మాట్లాడిన ఆడమనిషి మా ఇంటిదాని తర్వాత ఆమే. మా ఇంటిది పోయి తొమ్మిదేళ్లయింది.

మొదట్లో చేత్తోనే వెతికేది. పేజీ తెరిచి, పేరు కొట్టి, ఊరు కొట్టి, మీట నొక్కి చూసేది. కంపెనీ వాళ్లు ఒక చోట చెయ్యి పెడితే ఇంకో చోట చెడేది. మళ్లీ మొదటినుంచీ అన్నీ కొట్టాలి. అప్పుడు ఆ పనంతా దానంతటదే జరిగేలా పరీక్షలు రాసి అమర్చడం మొదలుపెట్టింది. ఆ అమరికకి రెండు నెలలు పట్టింది. ఏ పరీక్ష ముందు, ఏది వెనక, ఏ ఫోన్లో ఎలా కనిపించాలి, జవాబు కోసం ఎంతసేపు ఆగాలి, అన్నీ రాసిపెట్టాలట. గోడ నిండా పసుపు కాగితాలు అంటించేది. టీ గ్లాసు మీద పళ్లెం మూత పెట్టేది, మరిచిపోయేది. జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుని ఇల్లంతా పెన్సిలు కోసం వెతికేది. పరీక్షలు నడుస్తున్నంతసేపూ చేతులు కట్టుకుని లేచి నిలబడేది. పొయ్యి మీద ఎసరు పెట్టి కాచుకున్నట్టు ఉండేది.

ఒకరోజు పరీక్షలన్నీ విడివిడిగా బాగున్నాయి, కలిపి నడిపితే తప్పుతున్నాయని తల పట్టుకుంది. మర్నాటికి దొరికింది. ముందు పరీక్షలో కొట్టిన రైతు పేరు వెనక పరీక్షలోకి వచ్చేస్తోందట.

"ఒకరు తిన్న విస్తట్లో ఇంకొకరికి వడ్డిస్తామా మావయ్యా? పంక్తి పంక్తికీ విస్తరి మార్చాలి. నేను మార్చలేదు" అంది. అది నాకు అర్థమైంది.

మన్యం వాళ్ల కోసం ఒక ఏర్పాటు చేసింది. కొండ మీద సిగ్నలు ఎలా వస్తుందో, పోతుందో, అంత నీరసంగా నెట్టు నడిచేలా పెట్టి, అప్పుడు కూడా దరఖాస్తు వెళ్తోందా లేదా అని చూసేది. కంపెనీలో ఎవరూ అడగలేదు. "కొండమ్మట నడిచి సిగ్నలు కాడికొచ్చిన మనిషికి పేజీ మధ్యలో ఆగిపోతే ఎలా ఉంటాది?" అనేది. మనిషిని చూసి పని చేసేది. చదువుకున్నవాళ్లలో అది నేను ఎక్కువ చూడలేదు.

ఇక అసలు సంగతి.

ఒక మధ్యాహ్నం నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. "మీ భూమెంతో మీరే కొట్టండి మావయ్యా. నేను చెప్పను" అంది. నాది బలిఘట్టం దారిలో ఎకరా అయిదు సెంట్లు. ఒక వేలితో ఒకటి కొట్టాను, చుక్క కొట్టాను, అయిదు కొట్టాను. 1.5.

"మీకు ఎకరా యాభై సెంట్లుందా?"

"ఎవడన్నాడు? ఎకరా అయిదు. మా తాతనాటి నుంచీ అంతే."

"ఎకరాకి వంద సెంట్లు కదా, ఇది యాభై అంటోంది మావయ్యా. అయిదుకి ముందు సున్నా ఉండాలి."

"నువ్వు పుట్టకముందు నుంచీ దున్నతన్నాను. నా భూమి లెక్క నాకు సెబుతావేటి? నీ డబ్బాకి లెక్క రాదు!"

లేచి వచ్చేశాను. మూడు రోజులు మాట్లాడలేదు. అన్నం కూడా నేనే వడ్డించుకున్నాను.

నాలుగో రోజు ఆమే వచ్చి వరండాలో బస్తా మీద కూర్చుంది. "మీది తప్పు కాదు మావయ్యా. మా నాన్నకి ఫోన్‌ చేసి అడిగితే ఆయనా అలాగే సెప్పాడు. రైతన్నవాడు ఎకరాలు ఇటు, సెంట్లు అటు అనుకుంటాడు. అందరూ అలాగే రాస్తారు. పాసుపుస్తకంలో ఎకరా అయిదు, దరఖాస్తులో ఎకరా యాభై. రెండూ కలవలేదని దరఖాస్తు తిప్పేస్తారు. ఎందుకు తిప్పారో ఆ మనిషికి తెలీదు. రాసినోణ్ణి కాదు, రాయనిచ్చిన పేజీని తిట్టాలి" అంది.

కంపెనీ వాళ్లతో దెబ్బలాడి ఒక ప్రశ్న పెట్టించింది. ఎవరైనా 1.5 అని కొడితే సైటు ఎదురు అడుగుతుంది: మీది ఎకరా అయిదు సెంట్లా, ఎకరా యాభై సెంట్లా? ఆ ప్రశ్న ఎప్పటికీ పోకుండా దానికి ఒక పరీక్ష కాపలా పెట్టింది. ఆ పరీక్షలో రైతు పేరు నాదే. రోజూ పొద్దున్న ఆరింటికి అన్నీ వాటంతటవే నడిచేవి. నేను అడిగానని అదొక్కటీ తెర మీద కనిపించేలా అమర్చింది. ఎవరూ ముట్టుకోకుండానే పేజీ తెరుచుకునేది, నా పేరు పడేది, 1.5 పడేది, ప్రశ్న వచ్చేది, పచ్చ గుర్తు పడేది. నేను టీ తాగుతూ చూసేవాణ్ణి. గర్వంగానే ఉండేది. ఆమెతో మాత్రం అనలేదు.

"అన్నీ పచ్చగున్నాయి కదమ్మా, ఇంక భయమేటి?" అన్నానొకసారి.

"పచ్చగా ఉంటే చేను బాగున్నట్టేనా మావయ్యా? కలుపు కూడా పచ్చగానే ఉంటాది" అంది.

జ్వరం రావడానికి వారం ముందు కంపెనీలో కొత్త పెద్దలు వచ్చారు. సైటంతా కొత్తగా చేస్తున్నామనీ, ఆ ప్రశ్న అడ్డమనీ, చదువుకున్నవాళ్లెవరూ 1.05ని 1.5 అని రాయరనీ అన్నారు. ఆమె గట్టిగా నిలబడింది. చివరికి వాళ్లు, అలా రాసే రైతుని ఒక్కణ్ణి చూపించమన్నారు. మర్నాడు వీడియోలో అందరూ కూర్చుంటారట. ఆమె నా దగ్గరకు వచ్చింది.

"రెండు నిమిషాలు మావయ్యా. నేనూ అలాగే కొట్టానని ఒక్క మాట సెప్పండి సాలు. మీరు సెబితే ఉంచుతారు."

"పదిమంది ముందు కూకుని నాకు లెక్క రాదని సెప్పమంటావా? నీ ఉజ్జోగం కోసం నా పరువు తీసుకోవాలా?"

"పరువుదేటి మావయ్యా ఇందులో..."

"ఎల్లమ్మా, ఎల్లు. నానలా కొట్టలేదు. నీ డబ్బాయే తప్పు సూపించింది."

అబద్ధం ఆడాను. కొట్టిన వేలు నాదేనని నాకు తెలుసు, ఆమెకీ తెలుసు. "సరే మావయ్యా" అని లోపలికి వెళ్లిపోయింది. మర్నాడు మీటింగులో ఒక్కతే కూర్చుంది. తలుపు వేసుకుంది కాబట్టి ఏమన్నారో నేను వినలేదు. సాయంత్రం నాకు టీ తెచ్చి ఇచ్చింది, ఎప్పట్లాగే. నేనూ అడగలేదు, ఆమె కూడా చెప్పలేదు. ఆ తర్వాత జ్వరం.

దహనం అయిన మర్నాడు పొద్దున్న అలవాటు కొద్దీ ముందుగదిలోకి వెళ్లాను. ఆస్పత్రి కంగారులో లాప్‌టాపు ఎవరూ ఆపలేదు. ఆరయింది. పేజీ తెరుచుకుంది. నా పేరు పడింది, ఒక్కో అక్షరం, ఒక్కో అక్షరం. ఆమె పక్కనే కూర్చుని కొడుతున్నట్టే ఉంది. ఒకటి, చుక్క, అయిదు. ప్రశ్న రాలేదు. ఆగింది. ఇంకా ఆగింది. ఎర్ర గుర్తు పడింది.

ప్రశ్న తీసేశారు. ఇంట్లో ఆమె లేదు. ఆమె పెట్టిన కాపలా ఒక్కటే అరుస్తోంది. దాని అరుపు వింటున్నది నేనొక్కణ్ణే. లాప్‌టాపు మీద తువ్వాలు కప్పాను. తువ్వాలు తీసి మళ్లీ చూశాను. ఎరుపే.

పెద్దకర్మ అయ్యాక లాప్‌టాపు కోసం కంపెనీ నుంచి ఒకాయన వచ్చాడు. మర్యాదస్తుడే. ఫొటోకి దణ్ణం పెట్టాడు.

"బాబూ, 1.5 కొడితే సైటు ఎదురడగాలి. అడగట్లేదు. రోజూ ఎర్రగా వత్తాంది" అన్నాను.

ఆయన ఆశ్చర్యపోయాడు. "అదాండీ. కొత్త వెర్షన్లో ఆ స్క్రీన్‌ తీసేశారండీ. ఆ టెస్ట్‌ ఫెయిలవుతుంటే రిలీజ్‌ ఆగిపోతోందని నిన్ననే ఆ టెస్టే ఆపేశాం. ఇప్పుడన్నీ గ్రీనేనండీ."

"ఆ ప్రశ్న మళ్లీ పెట్టండి. అలా కొట్టింది నానే. నాకే తెలీలేదు సున్నా పెట్టాలని. కావాలంటే వీడియోలో పెట్టు, మీ పెద్దలందరి ముందూ సెబుతాను. ఇప్పుడే పెట్టు."

సిగ్గు లేకుండా ఆయన చెయ్యి పట్టుకున్నాను. డెబ్బయ్యారేళ్లలో నేను ఎవరి చెయ్యీ అలా పట్టుకోలేదు.

"మేడమ్‌ ఉన్నప్పుడు చెప్పాల్సిందండీ" అన్నాడాయన. కావాలని గుచ్చలేదు. మామూలుగానే అన్నాడు. "అప్పుడైతే ఆవిడ చూసుకునేవారు. ఇప్పుడు ఆ పని తెలిసినవాళ్లు మా దగ్గర లేరండీ."

లాప్‌టాపు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. మావాడు గోడ మీద కాగితాలు పీకబోతే కసిరాను.

ఆమె నా తప్పుని తప్పని అనలేదు. దాన్ని తీసుకుని పదిమందికి కాపలాగా నిలబెట్టింది. రెండు నిమిషాలు నన్ను తోడు అడిగింది. నేను వెళ్లలేదు. అందుకే ఇది నా చేత్తో రాస్తున్నాను. నేను ఎకరా అయిదు సెంట్లని 1.5 అని కొట్టాను. ఇప్పుడు ఎవరికి చెప్పినా ఏమీ ఒరగదని తెలిసే రాస్తున్నాను.

మొన్నటి వానకి వరి మునిగింది. నష్టం దరఖాస్తుకి నిన్న నేను నర్సీపట్నం నెట్‌ సెంటరుకి వెళ్లాను. నా ముందు రోలుగుంట మనిషి ఒకాయన ఉన్నాడు, నా ఈడువాడే. "ఒకటి పాయింటు అయిదు కొట్టమ్మా" అన్నాడు బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయితో. ఆమె కొట్టింది. సైటు ఏమీ అడగలేదు.

"నీకెంత భూమి బావూ?" అన్నాను వెనకనుంచి.

"ఎకరా అయిదు సెంట్లు. ఏం?"

"ఆపమ్మా, ఆపు! అది యాభై అయిపోతాది, సున్నా పెట్టాల!"

"పంపేశాను తాతగారూ. ఇంక మార్చడానికి లేదు" అందామె.

ఆయన నన్ను కిందికీ పైకీ చూశాడు. "కంప్యూటరుకి తెలీంది నీకు తెలుసేటి?" అని నవ్వాడు. రసీదు తీసుకుని, సిరా ఆరేదాకా నోటితో ఊదాడు. నాలుగు మడతలు పెట్టి, ప్లాస్టిక్‌ కవరులో చుట్టి, చొక్కా లోపల గుండెకి ఆనించి పెట్టుకున్నాడు. బయట తుంపర పడుతోంది. రోలుగుంట ఆటోలో డ్రైవరు పక్కన సందు చేసుకుని కూర్చున్నాడు. ఆటో మలుపు తిరిగేదాకా ఆ కాగితం తడవకుండా చొక్కా మీద చెయ్యి అడ్డం పెట్టుకునే ఉన్నాడు.