రూతత్త పెళ్లికి బయల్దేరిన ఆకుపచ్చ కారు

మా చిన్నతనంలో ఆదివారం మధ్యాహ్నమంటే శంషాబాద్‌లోని మా ఇంటి ముందు గుప్పుమనే పెట్రోలు వాసన... చర్చి నుంచి రాగానే బాపు, అంటే మా నాన్న, తెల్ల చొక్కా విప్పేసి, పాత లుంగీ కట్టుకుని, రేకుల షెడ్డులో ఉన్న కారు బానెట్ ఎత్తేవాడు. ఇక అన్నానికి పిలిచినా పలికేవాడు కాదు.

అది ఇంగ్లండులో తయారైన రెండు సీట్ల చిన్న కారు. ముదురు ఆకుపచ్చ రంగు... పైకప్పు లేదు... నేలకు ఆనుకుందేమో అన్నంత కిందికి ఉండేది. మైలార్‌దేవ్‌పల్లిలో మూతబడ్డ ఒక కార్ఖానా వెనకాల పడి ఉన్న ఆ కారులో కోళ్లు గుడ్లు పెడుతుంటే చూసి, బాపు యజమానిని బతిమాలి తెచ్చుకున్నాడు. బాపు మెకానిక్ కాదు, కొత్తూరులో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. విప్పడం, చూడడం, మళ్లీ బిగించడం... అలా నేర్చుకున్నదే అంతా.

మా నాయనమ్మకు మాత్రం ఆ కారంటే ఒళ్లుమంట. "కోళ్లకే ఇడిసిపెడితే గుడ్లన్న వస్తుండె గదరా!" అనేది.

బాపుకు తోడు మా రూతత్త... బాపు చెల్లెలు, దవాఖానలో నర్సు. డ్యూటీ నుంచి రాగానే కొంగు నడుముకు దోపుకుని ఆమె కూడా షెడ్డులోకి వచ్చేసేది. ఆ ఇంజనుకు రెండు కార్బురేటర్లు ఉండేవి. గాలీ పెట్రోలూ కలిపి ఇంజనుకు పంపేవి అవే. రెండూ సమానంగా గాలి పీల్చకపోతే బండంతా చలిజ్వరం వచ్చినట్టు వణికేది. ఆ తేడా బాపు చెవికి దొరికేది కాదు. ఒకరోజు అత్త తన స్టెతస్కోపు తెచ్చి, చివరి బిళ్ల ఊడదీసి, గొట్టాన్ని ఒక్కో కార్బురేటరు దగ్గర పెట్టి, కళ్లు మూసుకుని విన్నది.

"అన్నా, ఎడమదానికి ఆయాసమున్నది. జర స్క్రూ తిప్పు."

బాపు తిప్పాడు.

"ఇంక జర... ఆగాగు, విమానం వస్తున్నది!"

అప్పటికి ఎయిర్‌పోర్టు కొత్త. విమానం దిగుతుంటే మరే చప్పుడూ వినపడేది కాదు. అది దాటిపోయేదాకా ముగ్గురం తలలెత్తి చూసి, మళ్లీ బానెట్‌లోకి వంగేవాళ్లం...

మన ఎండలకు ఇంజను ఊరికే వేడెక్కుతోందని బాపు ఏదో పాత వ్యాను ఫ్యాను తెచ్చి రేడియేటరుకు బిగించాడు. చిరిగిన సీట్లకు అమ్మ కుట్టుమిషను మీద ఎర్ర రెక్సిన్ తొడుగులు కుట్టింది. చక్రాల ఊచలన్నీ పాత టూత్‌బ్రష్షుతో తోమే బాధ్యత నాది.

ఇంతలో అత్తకు పెళ్లి కుదిరింది. కొత్తూరు చర్చిలో. నాయనమ్మ పెద్ద ఏసీ కారు మాట్లాడదామంది. అత్త ససేమిరా అంది.

"నేను మా అన్న బండిలనే పోత."

"నడిమిట్ల ఆగిపోతే ఏం జేస్తవే? పెండ్లికొడుకోళ్లు నవ్వరా?"

"ఆగితే దిగి బాగుజేస్త. నవ్వెటోళ్లను నవ్వనియ్యి."

బాపు భుజంతో కళ్లు తుడుచుకుని మళ్లీ స్పానరు అందుకున్నాడు.

పెళ్లి రోజు... మే నెల ఎండ. కారు నిండా మల్లెదండలు. డిక్కీలో మిఠాయి డబ్బాలు పట్టాలని పనిముట్ల పెట్టె ఇంట్లోనే దింపేశాం. బాపు కోటు వేసుకున్నాడు. అత్త తెల్ల పట్టుచీరలో, తల మీద సన్నటి ముసుగుతో ముందు కూర్చుంది. సీట్ల వెనక సందులో పూలగుత్తి పట్టుకుని నేను ఇరుక్కున్నాను. మిగతావాళ్లు వ్యానులో ముందే వెళ్లిపోయారు.

బెంగళూరు హైవే ఎక్కగానే లారీలవాళ్లు హారన్లు కొట్టారు... బస్సు కిటికీల్లోంచి పిల్లలు చేతులూపారు. అత్త అందరికీ నవ్వుతూ చేయి ఊపింది. ఆ సంబరంలో ఉండగానే కారు ఎక్కిళ్లు పెట్టినట్టు కుదిపి, రోడ్డు పక్కన ఆగిపోయింది.

బాపు ముఖం పాలిపోయింది. మా తర్వాత అదే చర్చిలో ఇంకో పెళ్లి ఉంది, ఆలస్యమైతే కష్టమని పాస్టరుగారు ముందే చెప్పారు.

"చెల్లె, పరువు తీసిన. ఆటో ఆపుత, నువ్వు పో."

"జర ఆగన్నా. తాళం తిప్పు."

బాపు తిప్పాడు. అత్త ముసుగు పక్కకు జరిపి చెవి పెట్టింది. తాళం తిప్పగానే ఇంజనుకు పెట్రోలు తోడే పంపు టిక్ టిక్‌మనాలి. ఏ చప్పుడూ లేదు.

"పంపు పట్టేసింది, గంతే! గింతదానికి పరేషాన్ అయితవేంది?"

ఆ కారుకు పంపు ఉండేది వెనక డిక్కీలోనే. అత్త అది తెరిచి, మిఠాయి డబ్బాలు నా చేతిలో పెట్టి, కాలి చెప్పు తీసి, దాని మడమతో పంపు మీద ఠపీమని కొట్టింది. ఇంకొకటి... టిక్... టిక్ టిక్ టిక్! బాపు గబగబా స్టార్ట్ చేశాడు. ఇంజను గర్జించింది. పక్కన ఆగి చూస్తున్న లారీ క్లీనరు చప్పట్లు కొట్టాడు. నేనైతే పూలగుత్తి నలిగిపోయేలా ఎగిరాను.

చర్చి గేటు దగ్గర పెళ్లికొడుకు ఆత్రంగా ఎదురుచూస్తున్నాడు. అత్త చెంప మీద నల్లటి గ్రీజు మరక...

"ఏమైంది?" అన్నాడు కంగారుగా.

"బండికి ఊపిరాడలే. రెండు దెబ్బలేసిన, లేచింది."

అతను పగలబడి నవ్వి జేబురుమాలు తీసిచ్చాడు. నాయనమ్మ తల బాదుకుంది. అయితే పెళ్లి భోజనాలయ్యాక, ఎవరూ చూడకుండా బాపు పక్కకు వచ్చి, "నన్ను గూడ ఒక్క చక్కరు తిప్పరాదూ," అంది. చీర కొంగు గాలికి ఎగురుతుంటే చిన్నపిల్లలా కేకలు పెట్టింది.

ఆ షెడ్డు స్థలంలో ఇప్పుడు క్యాబ్ డ్రైవర్లకు కిరాయికిచ్చే గదులున్నాయి. కారు, దాన్ని ప్రేమగా చూసుకునే ఒక పెద్దాయన దగ్గరుంది. మొన్న నా కారును సర్వీసు సెంటరువాళ్లే వచ్చి తీసుకెళ్లి, తళతళలాడించి తెచ్చి పెట్టారు. ఏం చేశారో నేను అడగలేదు... దాని బానెట్ కింద ఏముందో మా పిల్లలకే కాదు, నాకూ తెలియదు.

మీ ఇంట్లోనూ అందరి చేతులూ నల్లగా చేసిన బండి ఒకటి ఉండే ఉంటుంది... దాని పేరెత్తగానే మీకు ముందు ఎవరు గుర్తొస్తారు?