రెండు అతుకులు

పొద్దున మా మగ్గం మీద పడుగు పోగులు తెగాయి. వాటిని అతికేదాకా చీర ముందుకు సాగదని ధర్మవరంలో పిల్లలకైనా తెలుసు. మా ఆయన మాత్రం కంప్యూటర్ గేమ్‌లో, అంతరిక్షంలో, రెండు రాకెట్లను అతికిస్తూ కూర్చున్నాడు. అవి ఢీకొని పేలడం, ఆయన మళ్లీ మొదటి నుంచి ఎగరేయడం.

"పోగులు తెగి ఉండాయి, వచ్చి అతుకు" అన్నాను.

"ఉండవే, ఇది శానా కష్టం. కష్టం కాబట్టే మజా. పోగులదేముండాది, నువ్వే అతికెయ్."

నడుం పడిపోయేలా వంగి నేనే అతికాను. సాయంత్రం "అతుక్కునింది!" అని ఇల్లదిరేలా అరిచి, అన్నం పెట్టమన్నాడు.

"వండేది శానా కష్టం. నీకు మజాగా ఉంటాది, పో" అన్నాను.

ఇప్పుడు వంటింట్లోంచి మాడు వాసన వస్తోంది. మీ ఇళ్లలోని వ్యోమగాములను మీరెలా కిందికి దించుతున్నారు?